స్లైడ్ మూసి చూపించండి

మా అత్తయ్య కెనడాలో మా దగ్గరికి, కాల్గరీకి వచ్చి నాలుగేళ్లయింది. ఇంటికి గంటన్నర దూరంలో ఉన్న కొండల్ని ఒక్కసారే చూశారు, అదీ వచ్చిన కొత్తలో. ఆ తర్వాత ఎప్పుడు బయల్దేరదామన్నా, "మీరు వెళ్లి రండమ్మా, నాకు టీవీ ఉందిగా" అనేవారు. ఆదివారం చర్చికి తప్ప గడప దాటరు. ఆవిణ్ణి వదిలి వెళ్తే నాకు తిన్నది ఒంటబట్టదు. వెళ్లకుండా ఇంట్లో కూర్చుంటే పదిహేనేళ్ల మా అమ్మాయి మొహం మాడ్చుకుంటుంది. అందుకే ఆర్వీ కొందామన్నాను. మంచం, పొయ్యి అన్నీ ఉన్న బండి అయితే ఇంట్లో ఉన్నట్టే కదా, అప్పుడైనా ఆవిడ మాతో వస్తారని నా ఆశ.

మా ఆయనతో ఏదైనా కొనిపించడం అంత సులువు కాదు. రైస్ కుక్కర్ కోసం మూడు వారాలు వీడియోలు చూసిన మనిషి. ఆర్వీ అనేసరికి పూనకం వచ్చినట్టే అయింది. ఎక్సెల్ షీట్‌లో నలభై ఒక్క కాలమ్స్ పెట్టారు. ఇంజిన్, టైర్లు, బరువు, బ్యాటరీ, చలికి పైపులు గడ్డకడతాయా, పైకప్పు కారుతుందా... అన్నం తింటూ కూడా అదే గోల.

"ఏమండీ, మనం బండి కొంటున్నామా, పీహెచ్‌డీ చేస్తున్నామా?" అని ఓ రోజు అరిచేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"తొందరపడి కొంటే రేపు నువ్వే తిడతావు" అన్నారు. నిజమే, తిడతాను.

చివరికి ఆయనకు బాగా నచ్చిన ఆర్వీ కొలతల ప్రకారం బేస్‌మెంట్ నేల మీద నీలం టేపు అంటించారు. ఇది డ్రైవర్ సీటు, ఇది వంటగట్టు, ఇది మంచం. మా అమ్మాయి ఆ గీతల మధ్య పడుకుని, "డాడ్, మై ఫీట్ ఆర్ ఇన్ ద కిచెన్!" అని పడీపడీ నవ్వింది. ఆ నవ్వు విని అత్తయ్య మెట్లు దిగి వచ్చారు. టేపు తొక్కకుండా చుట్టూ తిరిగి, ఒక మూల చిన్న చతురస్రం దగ్గర ఆగారు.

"ఇదేంటి?"

"బాత్రూమ్ అత్తయ్యా."

"దార్లో ఆపినప్పుడు కూడా దీంట్లోకి వెళ్లొచ్చా, అక్కడికి చేరాకేనా?"

మా ఆయన తలెత్తి నా వంక చూశారు. నలభై ఒక్క కాలమ్స్‌లో ఆ కాలమ్ లేదు.

తండ్రీకూతుళ్లు పైకి వెళ్లాక ఆవిణ్ణి మెల్లగా అడిగాను. ముందు "ఏం లేదులే" అన్నారు. తర్వాత చెప్పారు. ఇక్కడికి రాకముందు నుంచే మూత్రం ఆపుకోలేకపోతున్నారట. కొండలకి వెళ్లిన రోజు రెండోసారి కారు ఆపమన్నప్పుడు నేను వెనక్కి తిరిగి, "మళ్లీనా అత్తయ్యా? ఇప్పుడే కదా ఆపాం!" అన్నానట. మూడోసారి ఆవిడ అడగలేదు. ఇంటికొచ్చేసరికి చీర తడిసిపోయింది. పొడుగు కోటు కప్పుకుని దిగి, నేరుగా స్నానానికి వెళ్లిపోయారు. మాకెవరికీ తెలియలేదు.

"నీ తప్పేం లేదమ్మాయ్. హైవే మీద మాటిమాటికీ ఆపడం కుదురుద్దా ఏంటి?" అని నన్నే ఓదార్చారు. నాకైతే ఆ మాట అన్నట్టే గుర్తు లేదు. ఆవిడ నాలుగేళ్లుగా మోస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ శనివారం అందరం డీలర్ దగ్గరికి వెళ్లాం. ఊళ్లోనే, పది నిమిషాల దూరమని బతిమాలి అత్తయ్యను కూడా తీసుకెళ్లాను. ఈ బండ్లకి స్లైడ్ అని ఒకటి ఉంటుంది. ఆగినప్పుడు బటన్ నొక్కితే ఒక వైపు గోడ బయటికి జరిగి గది వెడల్పవుతుంది, ప్రయాణంలో దాన్ని లోపలికి మూసేయాలి. అక్కడ అన్నీ తెరిచే పెట్టారు. హోటల్ గదుల్లా విశాలంగా ఉన్నాయి.

"స్లైడ్ మూసి చూపించండి" అన్నాను.

అలా ఎవరూ అడగరని సేల్స్ అతను నవ్వాడు. నేను అడుగుతున్నానుగా అన్నాను. మూశాడు. మా ఆయన షీట్‌లో మొదటి స్థానంలో ఉన్న బండిలో, మంచం జరిగొచ్చి బాత్రూమ్ తలుపుకి అడ్డంగా నిలబడింది. రెండోదాంట్లో పిల్లి కూడా దూరేలా లేదు. మూడోదీ అంతే. మా ఆయన ఫోన్ తీసి ఆ మూడు వరుసలూ కొట్టేశారు.

నాలుగోది పొట్టి బండి, షీట్‌లో ఎక్కడో అడుగున ఉంది. స్లైడ్ మూసినా సన్నటి దారి మిగిలింది. అత్తయ్య డ్రైవర్ వెనక సీట్లో కాసేపు కూర్చున్నారు. తర్వాత లేచి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ఆ దారంట నడిచి లోపలికెళ్లి గడియ పెట్టుకున్నారు. సేల్స్ అతనితో కలిపి నలుగురం అలాగే నిలబడ్డాం.

గడియ తీసుకుని వచ్చాక ఆవిడ మా వంక చూడలేదు. పైనున్న అరలు ఒక్కొక్కటీ తెరిచి చూశారు.

"నా చీరలు ఏ అరలో పెట్టుకోను?" అన్నారు.