రాజవ్వ గొంతు

నిన్న కొత్త నూలు చీర మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుడుతూ కూర్చున్న రాజవ్వ కళ్లముందు నిలిచింది. కరీంనగర్‌లో టీచర్లకు, పాడేవాళ్లకు గొంతు కాపాడుకోవడం నేర్పుతూ బతుకుతున్నాను నేను. నాకు నేర్పింది మాత్రం ఆమే, వరసకు అత్త. అక్షరం ముక్క రాదు, సంగీతం అన్న మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు. మా వాడలో బతుకమ్మ పాట ఎత్తుకోవాలంటే మాత్రం ఆమే ఎత్తుకోవాలి. మైకు లేకుండానే వీధి చివరిదాకా వినిపించేది.

మరమగ్గాలను మా ఊళ్లో సాంచలంటారు. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన మాకు మాటంటే అరుపే. నేను మరీ ఘోరం. బడి నుంచి రాగానే షెడ్డులో పనిచేసే మా అమ్మ పక్కన చేరి, మొహం ఎర్రబడేదాకా గొంతు చించుకుని పాడేదాన్ని. ఒకరోజు రాజవ్వ లేచి వచ్చి నా చెవి మెలిపెట్టింది.

"సాంచతోని పోటీకి పోతున్నవా? దానికి కరెంటున్నది. నీకేమున్నదే?"

"నా పాట నాకే ఇనవడ్తలేదత్తా!"

"ఇనవడకుంటే గొంతు పిసుక్కుంటవా? పాట కడుపులకెళ్లి రావాలె."

బయట అరుగు మీద పడుకోబెట్టి, నా కడుపు మీద కండెల గంప పెట్టింది. ఊపిరి పీలిస్తే గంప లేవాలి, పాడుతుంటే మెల్లగా దిగాలి. భుజాలు కదిలాయా, తొడపాశమే! నెల రోజులు అదే పని. విసుగొచ్చి గంపను తన్నిన రోజు కూడా ఉంది. కండెలన్నీ నాతోనే ఏరించింది.

ఒక బతుకమ్మ పండుగకు జలుబు చేసి నా గొంతు పోయింది. గుసగుసగా మాట్లాడుతుంటే మండిపడింది.

"గుసగుస గూడ బందు. నోరు ముయ్యి."

"మరి పాట?"

"పాటకేమైతది, వచ్చే యేడు గూడ ఉంటది. గొంతు పోతే యాడ తెస్తవ్?"

ఆడపిల్లలంతా చుట్టూ తిరుగుతూ ఆడుతుంటే నేను గోడకానుకుని గోరువెచ్చని నీళ్లు తాగుతూ కూర్చున్నాను. అంత కోపం ఆమె మీద మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు నా క్లాసుల్లో అవే మాటలు చెప్తుంటాను, అదీ ఆమె పేరెత్తకుండా. సిగ్గుండాలి నాకు.

రెండేళ్ల కింద, పండుగకు ముందు ఆమె ఫోన్ చేసింది. అప్పుడే ఒక బడిలో క్లాసు ముగించుకుని ఆటో ఎక్కాను. గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటితే డాక్టరుకు చూపించుకోవాల్సిందేనని గంట కిందటే అక్కడ చెప్పి వచ్చిన మనిషిని.

"బిడ్డా, గొంతు పట్టేసిందే. పైకి ఎక్కుతలేదు. ఈయేడు నువ్వచ్చి పాట ఎత్తుకుంటవా?"

గరగరమంటూ, మధ్యమధ్యలో తెగిపోతోంది ఆ గొంతు. విన్నాను. గొంతులు వినడమే నా బతుకుతెరువాయె! అయినా, రాజవ్వ గొంతుకేమవుతుందిలే అనుకున్నాను.

"వేడినీళ్లు తాగత్తా, తగ్గిపోతది. నాకు క్లాసులున్నయ్, రాలేను."

"సరే బిడ్డా, నీ పని చూస్కో."

నేను వెళ్లలేదు కనుక ఆ తొమ్మిది రోజులూ ఆమే పాడిందట.

దీపావళి దాటాక ఆమె కోడలు లక్ష్మి కబురు చేస్తే ఆసుపత్రికి పరుగెత్తాను. క్యాన్సర్. స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇక మాట లేదు, పాట లేదు.

"ఎప్పటి సంది ఉండె?" అని లక్ష్మిని అడిగాను.

"ఎండకాలం సంది గట్లనే ఉండె వదినా. దావఖానకు పోదామంటే, నువ్వు తగ్గిపోతదన్నవని ఊకున్నది."

నా తెలివి తెల్లారినట్టే ఉంది. రాజవ్వ మంచం అంచు పట్టుకుని, "తప్పయిందత్తా! అన్నీ తెలిసీ అడగలే" అని బావురుమన్నాను. వార్డులో అందరూ తిరిగి చూస్తున్నా ఏడుపు ఆగలేదు. రాజవ్వ మొహం చిట్లించి పెదవులు కదిపింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండు. లక్ష్మి వంగి, ఆ పెదవుల వంక చూసి చెప్పింది.

"గట్ల ఏడ్వకు, గొంతు ఖరాబైతది అంటున్నది."

మరుసటి ఎండాకాలంలో ఆమె పోయింది. ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా, ఎన్ని రోజులైందని ముందుగా అడుగుతున్నాను. వట్టి జలుబే మేడమ్ అని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. విసుక్కోనీ. రాజవ్వను నేను అడగని మాట అది.