ఎల్లన్న చదవకముందే

వేణుమాధవ్ నోట్లో నువ్వుగింజ నానదు. 2003 నాటి మాట. గోదావరిఖనిలో ఏం జరిగినా సాయంత్రానికల్లా సంధ్యారాణి నడిపే ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని, ఊరు వదిలినవాళ్లు చదివే న్యూస్‌గ్రూప్‌లో పెట్టేసేవాడు. దుబాయిలో ఏదో ఆఫీసులో పనిచేసే ఎల్లన్నకు ఊరి కబురంటే అదే.

పగలు వేణుకి బొగ్గుబాయి ల్యాంప్‌రూమ్‌లో డ్యూటీ. దిగేవాళ్లకు నడుముకు కట్టుకునే బ్యాటరీ దీపం ఇవ్వాలి, పైకొచ్చాక తీసుకోవాలి. దీపం తిరిగి రాలేదంటే మనిషి లోపలే ఉన్నట్టు. ఆ రోజు లోపల కప్పు కూలింది. షిఫ్టంతా బయటికొచ్చింది గానీ ఎల్లన్న వాళ్లన్న ఆగయ్య దీపం రాలేదు. ఎవరినైనా అడగాలి కదా! అడగలేదు మహానుభావుడు. ఏడుస్తూ సెంటర్‌కి పోయి టైపు చేసేశాడు: ఆగయ్య కాక ఇక లేడు.

బయటికి రాగానే ఎదురుగా ఆగయ్య. నడుముకు దీపం అలాగే ఉంది.

"కాకా! నువ్వు లోపల లేవా?"

"దెబ్బ తాకినోన్ని దవాఖానకు తీస్కపోయిన. దీపం ఇచ్చుడు యాదికి లేకపాయె. ఏందిరా, గట్ల సూస్తున్నవ్?"

వేణు చెప్పాడు. ఆగయ్య మెట్టు మీద కూలబడ్డాడు. "మా తమ్ముడు సదివిండంటే గుండె పలిగి సస్తడురా! రూము మారిండు, కొత్త ఫోన్ నంబర్ గూడ నాకియ్యలే. జల్ది తీసెయ్యి!"

ఎక్కడ నొక్కితే రద్దవుతుందో సంధ్యారాణి చూపించింది. నొక్కాడు. మెసేజు తెర మీంచి మాయమైంది. వేణుకి ప్రాణం లేచొచ్చింది.

"అప్పుడే సంబరపడకు అన్నా," అంది సంధ్యారాణి. "మనం పెట్టింది దేశదేశాల సర్వర్లకు నకలై పోతది. ఇప్పుడు తీసేసింది మన సర్వర్ నుంచి మాత్రమే. రద్దు చెయ్యుమనేది గూడ ఒక మెసేజే. మొదటిదాని ఎన్క ఒక్కో సర్వర్‌కు అదీ పోవాలె. కొన్ని సర్వర్లు ఇని తీసేస్తయి. దొంగ రద్దులు ఎక్కువైనయని కొన్ని అసలే పట్టించుకోవు. ఎల్లన్న చూసేది ఎసోంటిదో మనకెర్క లేదు."

ఆగయ్య కుర్చీ లాక్కున్నాడు. "అయితే నేను చెప్త. నువ్వే కొట్టు బిడ్డా. వీన్ని ముట్టుకోనియ్యకు."

ఆమె నవ్వు ఆపుకుంటూ టైపు చేసింది: ఒరే ఎల్లిగా, నేను సావలే. దెబ్బ గూడ తాకలే. పోయేటప్పుడు నా కొత్త తువ్వాల ఎత్కపోయినవ్ గదా, అది నాకు ముట్టేదాంక సచ్చేది లేదు. అన్నం తిను.

మర్నాడు డ్యూటీ దిగగానే ఇద్దరూ సెంటర్‌కి పరుగెత్తారు. జవాబు వచ్చి ఉంది. సంధ్యారాణి చదివి వినిపించింది.

"అన్నా, మొదటిది ఇక్కడ ఇంక అట్లనే ఉన్నది. సదివి కింద కూసున్న. ఎవలో లేపి, కిందిది గూడ సదువుమన్నరు. నీ తిట్లు సూసినంక బతికిన. ఇంక రెండు తిట్టు."

ఆగయ్య ఇంకోసారి చదివించుకుని, అందరి ముందే వెక్కి వెక్కి ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని, కీబోర్డు వేణు వైపు నెట్టాడు.

"నువ్వే కొట్టురా," అన్నాడు. "చెప్త, రాసుకో."