సెలవు పడని ఒళ్లు

అట్టపెట్టె విప్పగానే కొత్త రంగు వాసన వచ్చింది. రేకుకు పూసిన నల్లరంగు, దాన్ని చుట్టిన ప్లాస్టిక్ కాగితం, మూలల్లో ఇరికించిన థర్మోకోల్, వీటన్నిటి వెనక సన్నగా యంత్రాల నూనె, అన్నీ కలిసి ఒక్కసారి ముక్కులోకి ఎక్కేసరికి, రాజపాళయంలో ముందుగది కుర్చీలో కూర్చున్న డెబ్బై దాటిన మనిషిని కాస్తా మిల్లు వెనక వీధిలో చొక్కా లేకుండా నిలబడ్డ పిల్లవాణ్ణయిపోయాను. పెట్టెలోంచి వచ్చింది కంప్యూటర్ కాదు, దాని ఒట్టి గూడు. నా కూతురి కొడుకు ముత్తు దాన్ని కేబినెట్ అంటాడు. ముత్తు స్పిన్నింగ్ మిల్లులో నూలును కోన్లకు చుట్టే చోట పని చేస్తాడు. గేములు ఆడే కంప్యూటర్‌ను ఒక్కసారిగా కొనే స్తోమత లేక, ఒక్కో భాగం ఏరుకుని తెచ్చి తనే బిగించుకోవాలని పెట్టుకున్నాడు.

ఆ ఏరుకోవడంలో నేనూ కలిశాను. వారం తిరక్కుండా ప్రాసెసర్లూ మదర్‌బోర్డులూ నాకు కంఠతా వచ్చేశాయి. మదురైలో కంప్యూటర్ అంగడి వాళ్లు సందేహం వస్తే నాకు ఫోన్ చేసేవాళ్లు. సరే, ఫోన్ ఎవరూ చేయలేదు. ర్యామ్‌కీ, ఫైళ్లు దాచుకునే ఎస్సెస్డీకీ తేడా తెలియడానికే నాకు చాలా రోజులు పట్టింది. కానీ మిల్లులో ఫిట్టర్‌గా ఒళ్లు అరగదీసుకున్నవాణ్ణి కనక, పవర్ సప్లై దగ్గర మాత్రం పట్టుబట్టాను. మిల్లుల మోటార్లు లేచినప్పుడల్లా ఇళ్లల్లో దీపాలు మసకబారే ఊరు మాది. చవకరకం పెట్టెలోంచి వచ్చే కరెంటు ఒక్కసారి ఎగిరిందంటే పక్కనున్నవన్నీ కట్టకట్టుకుని కాలిపోతాయి. ముత్తు విన్నాడు, మంచిదే కొన్నాడు. ప్రాసెసర్ కొన్నాడు, ర్యామ్ రెండు పలకలుగా కొన్నాడు. చివరికి మిగిలింది గ్రాఫిక్స్ కార్డు. బొమ్మల్ని గీసి తెర మీదికి తోసేది అదే. అన్నిటికంటే ఖరీదైనదీ అదే.

మా నాయన కూడా ఇలాగే ఒక సైకిల్ తయారుచేశాడు. భాగాలు భాగాలుగా.

ఆ రోజుల్లో మా వీధిలో పత్తి పడని చోటు లేదు. ఎండాకాలం మొదలయ్యే వేళకు కరిసల్ అనే నల్లరేగడి నేలల నుంచి బండ్ల మీద పత్తి వచ్చి, గింజ తీసే జిన్నింగు మిల్లు ముంగిట కొండలుగా పడేది, మేం ప్రహరీ ఎక్కి అందులోకి దూకేవాళ్లం, నడుం దాకా మునిగి, వెచ్చటి మెత్తదనంలో కాళ్లు ఆనక, పత్తిగింజల జిడ్డు వాసన ముక్కు నిండా పట్టి, కాపలావాడు కర్రతో వచ్చేసరికి తెల్ల వెంట్రుకల ముసలివాళ్లలా పరుగెత్తేవాళ్లం. ఆడి నెల, అంటే ఆషాఢం, వచ్చిందంటే పడమటి కొండల మీంచి దిగే గాలికి ఆ దూది సన్నసన్నగా లేచి అన్నం గిన్నెల్లో, ఆరేసిన చీరల్లో, ఎండబెట్టిన మామిడి తాండ్ర మీద కూర్చునేది. సాయంత్రం వీధి మొదట్లో ఒకావిడ కుండలో పత్తిపాలు కాచేది. పత్తిగింజలు రుబ్బి తీసిన పాలలో బెల్లం, శొంఠి, ఏలకులు వేసి మరిగిస్తే చిక్కగా గోధుమరంగులో పొగలు కక్కేవి. నేను ఒక్క కూర్చోవడంలో కుండ ఖాళీ చేసేవాణ్ణి. కాదు, ఒక్క గ్లాసు. అందులోనూ సగం చెల్లెలిదే.

నాయన బ్లోరూములో పనిచేసేవాడు. మిల్లుకు వచ్చిన పత్తి బేళ్లను విప్పి, చీల్చి, యంత్రంలో వేసి దులిపే గది అది. అక్కడ మనిషికి మనిషి కనిపించడు, తెల్లటి పొగమంచులో చేతులు మాత్రం కదులుతుంటాయి. నాయన ఇంటికి వస్తే ముందు గడపలో నిలబడి తువ్వాలుతో తల విదిలించుకునేవాడు, కనురెప్పల మీది దూదిని అమ్మ కొంగుతో తుడిచేది, ఆ తరువాత ఒక బెల్లంముక్క నోట్లో వేసుకుని, అది పూర్తిగా కరిగేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. బెల్లం గొంతులోని దూదిని లాక్కుపోతుందని ఆ గదిలో పనిచేసే వాళ్లందరికీ నమ్మకం.

సైకిల్‌లో మొదట కొన్నది బెల్లు. అన్నిటిలోకీ చవక కనక. ఆ బెల్లు కొడితే అవతలి ఊరు తళవాయిపురంలో వినిపించేది అని ముత్తుకు చిన్నప్పుడు చెప్పాను. నిజానికి మా వంటగదిలో వినిపించేది. ఆ తరువాత నల్లరంగు ఫ్రేము వచ్చింది, ఈ కేబినెట్‌లాగే, రంగు వాసనతో, కాగితం చుట్టుకుని. దాన్ని గోడకు మేకులు కొట్టి తగిలించాడు నాయన. చక్రాల రిమ్ములు వచ్చాక వాటినీ దాని పక్కన తగిలించాడు. వీధిలో పిల్లలమంతా పాత టైర్లను కర్రతో కొట్టుకుంటూ దొర్లించి ఆడేవాళ్లం, మా ఇంట్లో మాత్రం మెరిసే కొత్త రిమ్ము గోడ మీద ఉండేది, దాన్ని ముట్టుకుంటే వీపు పగిలేది.

ఇంతకీ ఆ భాగాలు ఎలా వచ్చాయన్నది చెప్పాలి. నాయనకు వారం చివరి రోజుల్లో దగ్గు పెద్దగా ఉండేది కాదు. ఆదివారం సెలవు తీసుకుని సోమవారం మిల్లుకు పోయాడంటే మాత్రం, మధ్యాహ్నానికే రొమ్ము బిగిసి, ఒళ్లు కాలి, గోడ పట్టుకుని ఇంటికి వచ్చేవాడు. మంగళవారం కొంచెం తేలిక, బుధవారానికి మామూలు మనిషి. ఆ గదిలో పనిచేసే అందరిదీ అదే వరస. వాళ్లంతా కూడి తేల్చుకున్నది ఏమంటే, దూది కాదు తమను పట్టి పీడిస్తున్నది, సెలవు. రోజూ కాఫీ తాగేవాడికి ఒకరోజు మానేస్తే తలనొప్పి వచ్చినట్టు, దుమ్ముకు అలవాటుపడ్డ ఒళ్లుకు దుమ్ము అందకపోతే తిరగబడుతుందని.

"నా ఒళ్లుకి సెలవు పడదే," అనేవాడు నాయన అమ్మతో. "ఆదివారం కూడా పోతే సోమారం నొప్పే ఉండదు. దుడ్డూ వస్తుంది, సైకిలూ వస్తుంది."

"ఒకనాడన్నా ఇంట్లో కూచోవయ్యా," అనేది అమ్మ.

"కూచుంటేనే కదే దగ్గొచ్చేది!"

ఆయన చెప్పింది కళ్లముందే నిజమైంది. ఆదివారాలు పోవడం మొదలుపెట్టాక సోమవారం దగ్గు పోయింది. ఆదివారం కూలితో గొలుసు వచ్చింది, పెడళ్లు వచ్చాయి, తోలు సీటు వచ్చింది. అన్నీ పూర్తయ్యేసరికి దీపావళి వచ్చింది.

ఆ పండగనాడు తలంటి పోసుకుని, అరిసెలూ కారసేవా తిని, కొత్తపంచె కట్టి నాయన సైకిల్‌ను వీధిలోకి దించడం, అమ్మ హ్యాండిల్‌కు పసుపుకుంకాలు పెట్టడం, చక్రాల కింద నిమ్మకాయలు చితకడం, అప్పుడు ఆయన ఒక్క ఎగురుతో సీటెక్కి, చేతులు వదిలేసి, పక్క ఊరు మంసాపురం దాకా పోయి, దారిలో బస్సును దాటి తిరిగిరావడం, ఇదంతా ముత్తుకు పాలు తాగే వయసు నుంచీ నేను చెబుతున్న కథ. వాడి స్నేహితులకూ తెలుసు. నిమ్మకాయలు చితికేదాకా అందులో అబద్ధం లేదు.

ఒక ఆదివారం పొద్దున్నే ముత్తు మిల్లు చొక్కా తొడుక్కుంటూ కనిపించాడు. వాడికి ఆదివారం సెలవు. నా కూతురు లచ్చిమి వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది.

"ఏడికిరా, ఇయ్యాల ఆదివారం కదా?"

"ఎక్స్‌ట్రా షిఫ్టుమా. బ్లోరూములో పనికి ఆళ్లు లేరంట. మేస్త్రి పిలిచినాడు. ఎక్కువ ఇస్తారు. కొంచం నాళ్లు పోతే కార్డు కొనేస్తాను."

"బ్లోరూమా? మొన్న సోమారం ఎట్లా దగ్గినావు, మరిచిపోయినావా?"

"అది సెలవు పెట్టినందుకుమా," అన్నాడు ముత్తు, షూ లేసు కట్టుకుంటూ. "రోజూ పోయినానంటే ఏమీ లేదు. సుమ్మా పనీపాటా లేక ఇంట్లో కూచుంటేనే సోమారం పట్టుకుంటుంది."

ఆ మాటను వాడికి ఎవరూ నేర్పలేదు. ఆ మిల్లులోనే పుట్టి, అక్కడే తిరుగుతూ ఉన్నట్టుంది.

"ముత్తూ, కార్డు వద్దురా," అన్నాను. "నీ ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉండాది కదా. దాంతో ఆడు."

"తాతా, దాంట్లో ఆడితే బొమ్మ ఇడ్లీపిండి మాదిరి ఉంటుంది. నా స్నేహితులు నవ్వుతారు."

"మా నాయన మంసాపురం పోలేదురా."

"ఏంది?"

"సైకిల్‌లో. పోలేదు. వీధి కొన దాకా కూడా పోలేదు."

ముత్తు తలెత్తి నవ్వాడు. "సరిపోయింది. ఇది కొత్త కతా?"

లచ్చిమి కూడా నవ్వింది. "నాయనా, నువ్వు చెప్పేదాంట్లో ఏది నిజమని వాడు నమ్మేది? నిన్న అంగడాయన నీకు ఫోన్ చేసినాడంటివి."

ఊరంతటినీ నవ్వించిన నోరు కదా, ఇప్పుడు ఎవరు నమ్ముతారు. గొప్పలు చెప్పడం నాకు చేతనైనంతగా ఉన్నది ఉన్నట్టు చెప్పడం చేతకాదు. అయినా చెప్పాను, వాడి ముఖం చూడకుండా, గోడవైపు చూస్తూ.

నిమ్మకాయలు చితికాక నాయన పెడల్ మీద కాలు పెట్టి రెండు తొక్కులు తొక్కాడు. దిగాడు. సీటు ఎత్తు ఎక్కువైంది అన్నాడు. అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. సాయంత్రం పానాతో సీటు దించాడు. మరునాడు గొలుసు బిగువుగా ఉందన్నాడు, దాన్ని వదులు చేయించాడు. ఆ తరువాత టైర్లలో గాలి, ఆ తరువాత పెడళ్లు మంచి రకం కావని వాటిని మార్చాడు. సీటు దించీ దించీ చివరికి నా కాళ్లకు సరిపోయేంత కిందికి వచ్చింది. తప్పు సైకిల్‌ది కాదని, దూది నిండిన రొమ్ముదని అమ్మకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. నాకు తెలిసింది మాత్రం ఆయన్ను వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టి, అమ్మ వీపు పట్టుకుంటే, నేను హ్యాండిల్ పట్టి నెట్టుకుంటూ ఆసుపత్రికి తీసుకుపోయిన రోజున. దారి పొడుగునా ఆయన శ్వాస నా చెవి పక్కనే, కొలిమితిత్తిలాగ. ఎదురొచ్చిన ఒకాయన, సైకిల్ బాగుందే, ఎంత పడిందని అడిగాడు. నాయన చెప్పబోయాడు, గాలి చాలలేదు. మళ్లీ ఆడి గాలి లేచే నాటికి ఆయన లేడు.

"సెలవు పడదని ఆయనే అనేవాడు," అన్నాను. "నువ్వు అన్న మాటే."

ముత్తు లేసు సగం కట్టి ఆపాడు. లచ్చిమి గరిటెలోని పచ్చడి నేల మీద కారుతున్నా చూసుకోలేదు.

"తరవాత ఆ సైకిల్ ఎవరు తొక్కినారు తాతా?" అన్నాడు ముత్తు.

"నేనే."

"ఏడికి?"

"ఆ మిల్లుకే."

బయట మిల్లు వ్యాను హారన్ కొట్టింది. ముత్తు లేచి గుమ్మం దాకా వెళ్లాడు, డ్రైవర్‌తో ఏదో అన్నాడు, వ్యాను వెళ్లిపోయింది. వాడు మేస్త్రికి ఫోన్ చేసి చెప్పింది నాకు వినిపించింది: "ఈ నెలకి వద్దులే అన్నా. వచ్చే నెల చూస్తాను."

ఇప్పుడు కంప్యూటర్ నడుస్తోంది, కార్డు లేకుండానే. బొమ్మలు వాడు చెప్పినంత ఘోరంగా లేవు. ఘోరంగానే ఉన్నాయి కానీ అంత కాదు. జిన్నింగు మిల్లు ముంగిట ఇప్పుడు కల్యాణమంటపం కార్లు నిలబెడుతున్నారు. పత్తి ఎక్కడి నుంచో ఇనుప పట్టీలు బిగించిన బేళ్లుగా లారీల్లో మూసుకుని వస్తుంది కనక, మా వీధి పిల్లలు దాన్ని చూసి ఉండరు, దూకడం మాట దేవుడెరుగు. పత్తిపాలు కాచే ఆవిడ లేదు, టైరు దొర్లించే వాళ్లు లేరు, పసుపు పూసిన హ్యాండిళ్లు లేవు, నా సైకిల్ తుక్కు బండెక్కి ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేదు. బ్లోరూములో దుమ్ము పీల్చే గొట్టాలు పెట్టారంటారు, ముక్కుకు మాస్కులు ఇస్తారంటారు. ఇస్తారు కాబోలు.

సోమవారం పొద్దుపోయాక ముత్తు పని నుంచి వచ్చి పెరట్లో ముఖం కడుక్కుంటూ దగ్గుతాడు. వాడు పనిచేసేది కోన్ల దగ్గరే, అయినా దగ్గుతాడు. లచ్చిమి వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపుతుంది, నేను టీవీ గొంతు తగ్గిస్తాను, ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా వింటాం. మంగళవారానికి ఆ దగ్గు తగ్గుతుంది. బుధవారానికి వాడు ఈలవేస్తూ వస్తాడు, లచ్చిమి ఊపిరి పీల్చుకుంటుంది. నాయనకూ ఇలాగే తగ్గేది, నాకు మాత్రం ఆ తగ్గడం చూస్తేనే భయం.