తోడల్లుడి అతుకులు

మా ఆయనకు మా చెల్లెలి మొగుడంటే కడుపుమంట. పదిహేనేళ్ళుగా చూస్తున్నాను, చల్లారిన రోజు లేదు. ఇద్దరూ ఒకే అణు విద్యుత్ కేంద్రంలో పనిచేస్తారు. మరిది అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలకు వెల్డింగ్ చేస్తాడు. ఆ అతుకుల దగ్గర పగుళ్ళేమైనా ఉన్నాయేమో ఈయన పరీక్ష చేస్తారు. అరచేతిలో పట్టే పరికరాన్ని గొట్టం చుట్టూ తిప్పితే, లోపల పగులున్నచోట తెర మీద గీత పైకి లేస్తుంది.

మరిది వేసిన అతుకు చూడముచ్చటగా ఉంటుందట. పెద్ద ఇంజనీరు కొత్తవాళ్ళను తీసుకెళ్ళి మరీ చూపిస్తాడట. మా అమ్మ కూడా ఊరుకోదు. పెద్దల్లుడు భోజనం చేస్తుండగానే "చిన్నల్లుడిది ఎంత పనితనమే" అంటుంది. ఆ పూట ఈయన సగంలోనే చెయ్యి కడిగేసుకుంటారు.

ప్రతి అతుకు పక్కనా దాన్ని వేసినవాడి నంబరు చెక్కి ఉంటుంది. మరిది నంబరు కనబడితే ఈయన పరికరాన్ని మూడు చుట్లు తిప్పేవారు. మిగతావాళ్ళవి గబగబా ఒక్క చుట్టు తిప్పి, 'బాగుంది' అని రాసేసేవారు.

"ఎక్కడికి పోతాడు, ఏదో ఒకరోజు దొరక్కపోడు" అనేవారు నాతో.

"దొరికితే మీకేం వస్తుంది?"

"నిద్ర వస్తుంది."

మొన్న కేంద్రం ఆపి తనిఖీలు చేసినప్పుడు నిజంగానే దొరికాడు. గీత లేచింది. ఆ రోజు ఈయన ఈల వేసుకుంటూ ఇంటికొచ్చారు.

ఆ సంబరం మూడ్రోజులే. పగులు అతుకులో లేదు, దాని పక్కన గొట్టంలో ఉందన్నాడు ఇంజనీరు. వెల్డింగ్ వేడికి అక్కడి ఉక్కు తుప్పును తట్టుకునే గుణం పోగొట్టుకుందట. లోపల పారే వేడినీళ్ళు ఏళ్ళ తరబడి దాన్ని తినేశాయట. అందులో వెల్డర్ తప్పేమీ లేదట. అలాంటివి ఇంకెన్ని ఉన్నాయోనని వేరే మనిషిచేత అన్నీ మళ్ళీ పరీక్ష చేయించాడు. ఈయన 'బాగుంది' అని రాసినవాటిలో పదకొండు పగుళ్ళు బయటపడ్డాయి. కొన్ని మరిదిదానికంటే లోతు. ఈయన లైసెన్సు ఉంచాలా తీసేయాలా అని విచారణ పెట్టారు.

ఎవరూ పిలవకుండానే మరిది అక్కడికి వెళ్ళాడు. "మా అన్నయ్యగారు అశ్రద్ధ మనిషి కాదు సార్. నా అతుకులైతే మూడేసి చుట్లు చూస్తారు, నేను పక్కనుండి లెక్కపెట్టాను. నా పేరు చెడకూడదని ఆయన తాపత్రయం" అన్నాడట.

ఇంజనీరు మా ఆయన వైపు తిరిగి, "మరి మిగతావి ఎన్ని చుట్లు?" అని అడిగాడట.

ఆ ఒక్క ప్రశ్నతోనే ఈయన లైసెన్సు పోయింది.

ఆ సాయంత్రం మరిది ఇంటికొచ్చి, "అంతా నావల్లే, అన్నయ్యా. నోరు మూసుకుని ఉండాల్సింది" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అతను వెళ్ళాక నాకు ఒళ్ళు మండిపోయింది.

"మూడు చుట్లు ఎందుకు తిప్పారో అతనికి ఇప్పటికైనా చెప్పొచ్చు కదండీ?" అన్నాను.

"చెబితే వాడు క్షమించేస్తాడే" అన్నారు. "అది భరించడం నావల్ల కాదు."