కర్పూరం ముందు నా ఓటు

మొన్నటి ఎన్నికలకు కొద్ది రోజుల ముందు, గూడూరులో డిగ్రీ పిల్లలకు అమెరికా తొలినాటి అధ్యక్ష ఎన్నిక గురించి పాఠం చెబుతున్నాను. ఇద్దరు అభ్యర్థులను బోర్డు మీద చెరో పక్కన నిలబెట్టాను. ఒకాయన అప్పటికే అధ్యక్షుడు. కేంద్రం గట్టిగా ఉండాలి, నౌకాదళం పెంచాలి అనే మనిషి. రెండో ఆయన ఉపాధ్యక్షుడు, అయినా పెద్దాయన మీదే పోటీకి దిగాడు. రైతుల పక్షం. మనుషులంతా సమానమని రాసిన చేత్తోనే ఇంట్లో బానిసలను ఏలినవాడు. చూడబోతే ఇద్దరూ ఇద్దరే, కానీ ఎవరో ఒకరిని ఎంచుకోక తప్పదు.

ఆ రోజుల్లో కొన్ని చోట్ల ఓటు రహస్యం కాదు. ఓటున్న మగవాడు జనం ముందు నిలబడి తన మనిషి పేరు గట్టిగా చెప్పాలి. మనమూ అలాగే వేద్దామన్నాను. ముందు బెంచీలోని నిమ్మతోటల ఆసామి కొడుకు లేచి రైతుల ఆయన పేరు చెప్పాడు. ఇక గొర్రెల మంద. చివరి బెంచీ దాకా అదే పేరు. తర్వాత చీటీల మీద రాసి మడిచి ఇమ్మన్నాను. విప్పి చూస్తే నౌకాదళం ఆయన గెలిచాడు. క్లాసంతా పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మీరైతే ఎవరికి వేసేవారు మేడమ్ అని ఒకమ్మాయి అడిగింది. నన్ను ఆ దరిదాపులకే రానిచ్చేవాళ్ళు కాదన్నాను. ఒక్క రాష్ట్రంలో మాత్రం ఆస్తి ఉన్న ఒంటరి ఆడవాళ్ళు వేసేవాళ్ళు, కొన్నేళ్ళకు అదీ పీకేశారని చెప్పాను. బస్సులో ఇంటికి వస్తుంటే నా మీద నాకే ఒళ్ళు మండింది. వాళ్ళకు ఓటు లేదు. నాకుంది. ఉండీ ఇన్నేళ్ళుగా ఏం వెలగబెట్టానని?

మాది వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. మా దగ్గర ఊరి పెద్దలను కాపులంటారు. ఓటు ఎవరికి వెయ్యాలో వాళ్ళే తేలుస్తారు, ఊరంతా ఆయనకే గుద్దుతుంది. మాట దాటితే దురాయి వేస్తారు. అంటే ఆ ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు, ఆ ఇంటి పడవకు ఎవరూ భుజం పట్టకూడదు. ఇసుక మీది పడవను నీళ్ళలోకి తొయ్యడం ఒక ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. కాబట్టి దురాయి అంటే వేట బంద్, పొయ్యి బంద్.

ఈసారి గంగమ్మ గుడికి మండపం కట్టిస్తానన్న ఆయనకు వెయ్యాలని తేల్చారు. పెద్దకాపు మా అమ్మ తమ్ముడే. నన్ను భుజాల మీద తిరునాళ్ళకు మోసుకెళ్ళిన మనిషి. ఇంటింటికీ చెబుతూ మా గడపకూ వచ్చాడు. నా ఓటు సంగతి నేను చూసుకుంటానన్నాను. చదువు ఎక్కువైందని నవ్వి వెళ్ళిపోయాడు.

పోలింగు రోజు వెళ్ళాను. ఇద్దరు పెద్ద అభ్యర్థులనూ తూచుకుని నొక్కాను. బీప్ వినిపించింది. నా జీవితంలో అంత ముద్దొచ్చిన చప్పుడు ఇంకోటి లేదు.

సాయంత్రానికి కబురొచ్చింది. గుడి ముందు కాపులందరూ కూర్చున్నారు. ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలుగుతోంది. మా దగ్గర అనుమానం వచ్చిన మనిషి కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యాలి. మా అన్న నా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పడవ వాడిది, చదువు నాది. పోతే వాడి పడవే పోతుంది.

"కర్పూరం ఆర్పి, ఊరి మాట ప్రకారమే వేసినానని చెప్పుమే. అంతటితో అయిపోద్ది," అన్నాడు మామ.

"ఎవరికి వేసినానో గంగమ్మకి తెలుసు మామా. ఆమె అడిగితే ఆమెకి చెప్తా. మీకు చెప్పను."

కర్పూరం దానంతటదే ఆరిపోయింది. అప్పటికప్పుడే దురాయి వేశారు.

ఒక్క మాట అనేస్తే పోయేది గదా అని దారంతా అన్న గొణిగాడు. ఒక్క మాటే అయితే వాళ్ళకెందుకంత ఆరాటం అన్నాను. నా కోపం ఇప్పటికీ అదే. నేను ఎవరికి వేశానన్నది వాళ్ళకు అక్కర్లేదు. నా నోటితో ఒప్పించడమే కావాలి. కర్పూరం ముందు పేరు చెప్పాక అది ఓటు కాదు, హాజరు పలకడం.

మర్నాడు నేనూ వదినా కూడా భుజాలు ఆనించాం. పడవ అంగుళం కదల్లేదు. చుట్టుపక్కల వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు తలెత్తితే ఒట్టు. వాళ్ళలో చిన్నప్పుడు మా అరుగు మీద నా దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళూ ఉన్నారు. అన్న ఇక లాభం లేదని మైపాడులో ఎవరిదో బోటు మీద కూలికి ఒప్పుకున్నాడు.

వాడు బయల్దేరే పొద్దున మామ ఒక్కడే వచ్చాడు. ఈసారి నవ్వలేదు. నీళ్ళిస్తే తాగాడు.

"నా చెవిలో చెప్పు చాలు. ఎవరికైనా సరే, ఎందుకని అడగను. దురాయి నేనే ఎత్తించేస్తా."

అన్న సంచిలో లుంగీలు సర్దుతున్నాడు. సొంత పడవ ఇసుకలో ఉండగా పరాయి బోటెక్కడానికి పోతున్న మనిషి. వాడు ఒక్కసారి నా వైపు చూసి తలూపి ఉంటే చెప్పేసేదాన్నే. దాచుకోను, ఆ క్షణాన నా పట్టుదలంతా వాడి తలలోనే ఉంది.

వాడు తల ఎత్తకుండానే అన్నాడు. "చెప్పబాక."

మామ చెంబు కింద పెట్టి కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. అన్న సంచి భుజాన వేసుకుని గడప దాటాక ఆగాడు. పోనీ నాకన్నా చెప్తావా అని అడిగాడు. చెప్పనన్నాను. నవ్వుకుంటూ బస్సుకు పోయాడు.