వార్డులో ఇద్దరు రాములు

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే మధ్యలోనే తప్పులు పట్టే రకం నేను. వైరాలో ఒక బడిలో లెక్కలు చెబుతాను. లెక్క తప్పితే పిల్లల్నే వదలను, దయ్యాల్ని వదులుతానా! అలాంటి నేను ఇది రాస్తున్నాను. 

మాది భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న పల్లె. రామయ్య నీడలో బతికేవాళ్లం కాబట్టి మా దగ్గర ఇంటికో రాములు, ఇంటికో సీతమ్మ. వీధిలో నిలబడి “రాములూ” అని కేకేస్తే నాలుగు తలుపులు తెరుచుకుంటాయి. మా నాన్న పేరూ అదే. అమ్మ మాత్రం ఆ పేరు ఏనాడూ పలకలేదు. కట్టుకున్నవాడి పేరు నోట అంటే ఆయుష్షు తగ్గుతుందట. రేషన్ షాపులో పేరు అడిగినా నన్నే ముందుకు తోసేది.

ఒక ఏడాది నాన్న మిర్చి కల్లంలో ట్రాక్టర్ మీంచి జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, మర్నాడు రక్తం ఎక్కించాలన్నారు. అదే వార్డులో తలుపు పక్క మంచం మీద ఇంకో రాములు ఉన్నాడు. పెనుబల్లి దగ్గరి మనిషి. కడుపులో పుండు పగిలి, ఒంట్లో రక్తమంతా పోయి, స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఆయనకు మా నాన్నకంటే ముందు రక్తం కావాలి.

మిట్టమధ్యాహ్నం, వార్డంతా ఎండ వెలుగు. నేను కిందికి మందుల కోసం వెళ్లాను. నర్సు రక్తం సంచి తెచ్చి “పేషెంట్ రాములేనా?” అని అడిగిందట. పేరు తను చెప్పాల్సిన పని తప్పినందుకే అమ్మ సంబరపడి “అవ్” అని తలూపింది. తండ్రి పేరు లేదు, ఊరు లేదు, చేతికి పట్టీ లేదు. సంచి తగిలించేశారు.

నేను తిరిగొచ్చి గుమ్మంలో ఉండగా, ఒక ముసలామె నన్ను రాసుకుంటూ లోపలికి వచ్చింది. చెప్పుల్లేవు. నుదుటి మీద మూడు చుక్కలు, వాటి కింద ఒక గీత పచ్చబొట్టు. చుట్ట వాసన. నేరుగా నాన్న మంచం దగ్గరికి వెళ్లి నర్సు చెయ్యి పట్టుకుంది.

“గా రక్తం మా పెంటిగానిది బిడ్డా. ఈయనకు పెడుతున్నవేంది? ఆపు జల్దీ!”

నా రెండు చెవులతో విన్న మాట ఇది. నర్సు గబుక్కున పైపు మూసేసింది. అప్పటికే నాన్న గజగజ వణుకుతూ నడుం నొప్పని అరుస్తున్నాడు. సంచి మీద గ్రూపు చూస్తే నాన్నది కాదు! డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. ఆ గోలలో నేను ఒక్కసారి వెనక్కి తిరిగాను. ముసలామె తలుపు పక్క మంచం దగ్గర నిలబడి ఆ రాములు తల నిమురుతోంది. అతని తల్లే అనుకున్నాను. మళ్లీ చూసేసరికి లేదు.

ఇద్దరు రాములూ బతికారు. నాన్న మూత్రపిండాలు మాత్రం దెబ్బతిన్నాయి. నా కడుపు మండిపోయింది. కనీసం ఆసుపత్రివాళ్లు తప్పు ఒప్పుకుంటారేమో అనుకుంటే, “అడవి మనుషులు కదా, మలేరియా చలిజ్వరం” అని తేల్చేశారు. అడవి అంచున పుడితే ఎవరేం చేసినా మలేరియా ఖాతాలోకే!

ఖమ్మంలో ఒక వకీలును కలిస్తే ధైర్యం చెప్పారు. చికిత్స కాగితాలు అడిగి తీసుకోవడం మా హక్కని, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని వివరించారు. కానీ కాగితాల్లో కూడా చలిజ్వరమనే రాశారు. “మీ ఇంటివాళ్ల మాట చాలదు. ఆ ముసలామెను సాక్షిగా తీసుకురామ్మా, కేసు నిలబడుతుంది” అన్నారు.

నాకు రెక్కలొచ్చినట్టయింది. మర్నాడే పెనుబల్లి బస్సెక్కాను.

ఆ రాములు వాకిట్లో కూర్చుని గంప అల్లుతున్నాడు. వాళ్లమ్మను పిలవమన్నాను. మొగుడూ పెళ్లాం ముఖాలు చూసుకున్నారు. “మా అత్తనా? నేను కాపురానికి రాకముందే పోయిందమ్మా. నేనే సూడలే” అంది భార్య. పెద్దమ్మో, పిన్నమ్మో అయి ఉంటుందని పట్టుబట్టాను. ఎవరూ లేరన్నారు. చివరికి, “పెంటిగాడు అని పిలిచింది” అన్నాను.

అతని చేతిలో గంప జారిపోయింది.

“ఆ పేరు నీకెట్ల ఎరుక?”

అతనికి ముందు పుట్టినవాళ్లంతా పురిట్లోనే పోయారట. ఇతనైనా దక్కాలని తల్లి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, తీసుకుని, పెంటిగాడని పిలుచుకుంది. ఆమె పోయాక అందరూ రాములనే అన్నారు. భార్యకు కూడా ఆ పేరు తెలియదు. నుదుటి పచ్చబొట్టు ఎలా ఉందని అడిగాడు. వాకిలి మట్టిలో వేలితో మూడు చుక్కలు పెట్టి కింద గీత గీశాను. అతను ఆ గీత మీద అరచెయ్యి ఆనించి ఏడ్చాడు, నవ్వాడు. “మా అమ్మ వచ్చింది! నాకోసం దవాఖానాకు వచ్చింది!” అని వీధంతా వినబడేలా అరిచాడు. నాకు ఒళ్లంతా జలదరించింది. భయం కాదది, పట్టరాని సంతోషం. దాంతోపాటే దిగులు కూడా. మా సాక్షి పోయి ముప్పై ఏళ్లు దాటింది మరి!

సాక్షి లేకపోయినా కేసు వేశాం. విచారణ రోజు నర్సును ఆసుపత్రివాళ్లే తెచ్చారు. ఏమీ జరగలేదని చెబితే ఆమె ఉద్యోగం నిలుస్తుంది.  అయినా ఆ పిల్ల, “నేను వేరే రాములుది పెట్టిన సార్. ఒక ముసలమ్మ నా మణికట్టు పట్టుకొని ఆపింది. ఆ చెయ్యి మస్తు సల్లగుండె” అంది. 

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. నష్టపరిహారంతో పాటు, ప్రతి రోగి చేతికీ పేరు, తండ్రి పేరు, ఊరు రాసిన పట్టీ కట్టాలన్నారు. ముసలామె గురించి ఒకే ఒక్క ముక్క ఉంది: “మరో రోగి బంధువు అడ్డుకున్నారు.” అందులో అబద్ధం వెతికాను, దొరకలేదు.

ఆమె వచ్చింది మాకోసం కాదు, కొడుకు రక్తం కోసం. మా నాన్న ఆ దారిలో బతికిపోయాడు. అంతకుమించి నాకు తెలియదు. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా తెగడం లేదు.

మొన్న పరీక్షలకు నాన్నను తీసుకెళ్లాం. నర్సు “పేషెంట్ పేరేంది?” అంది. అలవాటు కొద్దీ నేను నోరు తెరిచాను. అమ్మ నన్ను పక్కకు తోసింది.

“రాములు! ముత్తయ్య కొడుకు రాములు! రాస్కో బిడ్డా, మళ్ల సదివి సెప్పు.”