చిరుత వివరణ తీసుకున్నావా?

విలేకరి కార్డు జేబులో పడిన ఆ కొత్త రోజుల్లో నా కాళ్లు నేల మీద ఆనేవి కావు. ఒక చిన్న పత్రికకు బోధన్ దగ్గరి మా మండలం వార్తలు నేనే రాయాలి. చేరిన రోజే నిజామాబాద్ ఆఫీసులో మా వార్తలు దిద్దే డెస్కు అన్న ఒక కాగితం చేతిలో పెట్టాడు. 'నిర్ధారించుకోకుండా రాయరాదు, ఇరుపక్షాల వివరణ తీసుకోవాలి, తప్పు జరిగితే వెంటనే సవరించాలి' అని ఉంది అందులో. భక్తిగా మడిచి ఫోను కవరులో పెట్టుకున్నాను (మళ్లీ తీస్తే ఒట్టు).

ఆ చలికాలం ఒక పొద్దున చాయ్ హోటల్లో ఒకాయన, మా వాడకట్టు అవ్వ చెరుకు తోటలోకి చిరుత దూరిందని ఫోనులో ఫొటో చూపించాడు. పసుపుపచ్చని తోక, రెండు నల్లమచ్చలు, మిగతాదంతా చెరుకాకు. పోయి చూద్దామనిపించింది గానీ, నిజంగా చిరుతే అయితే? (వార్త రాయడానికి విలేకరి బతికుండాలి కదా.) 'చెరుకు తోటలో చిరుత: వణుకుతున్న జనం' అని పంపేశాను. అప్పటికి వణుకుతున్నది నేనొక్కడినే.

మర్నాటికి ఆ వార్త అందరి ఫోన్లలో తిరిగింది. అవ్వ తోట నరకడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన ముఠా కొడవళ్లు కింద పెట్టేసింది. "వాఘ్ ఆహే, ఆమ్హీ జాణార్ నాహీ," పులి ఉన్న తోటలోకి పోమని మేస్త్రీ తేల్చేశాడు. నరికిన సగం చెరుకు ఎండుతోంది, మిగతా సగం నిలబడే ఉంది. ఈ ముఠా వెళ్లిపోతే ఆ ఏడు మళ్లీ మనుషులు దొరకరు. అవ్వ నేరుగా మా ఇంటికే వచ్చింది.

"పులిని నువ్వు సూసినవా బిడ్డా?"

"నేను సూడలే అవ్వా. స్థానికులు సూసిండ్రట."

"నీకన్న స్థానికుడు ఎవడురా గీడ?"

చెయ్యి పట్టుకుని తోట పక్కన పసుపు కొమ్ములు పాలిష్ చేసే డ్రమ్ము దగ్గరికి తీసుకుపోయింది. రాలిన పొడిలో హాయిగా పడుకుని ఉంది, మచ్చల మచ్చల తెల్లకుక్క. తెలుపు ఎక్కడా మిగల్లేదు. "గిది మా కుక్కనే. ముట్టుకొని సూడు," అంది అవ్వ. ముట్టుకున్నాను. అరచెయ్యి పచ్చగా అయింది.

డెస్కు అన్నకు ఫోను చేసి ఒప్పుకున్నాను. "కాగితంల ఏమున్నది? ఇరుపక్షాల వివరణ. చిరుత వివరణ తీసుకున్నవా? తీసుకుంటే అది మొరుగుతుండె గదా," అన్నాడు. ఫోను పెట్టేసి, పచ్చని చేత్తోనే ఆ కాగితం మడత మొదటిసారి విప్పాను.

సవరణ లోపలి పేజీలో, మోటారు పంపుల ప్రకటన కింద రెండు లైన్లుగా వచ్చింది. ఒక్కరూ చదవలేదు. నేనే తీసుకుపోయి మేస్త్రీకి చదివి వినిపిస్తే, నిన్న పులి అన్నది కూడా ఈ పేపరే కదా అన్నాడు. అవ్వ నా వైపు తిరిగింది. "రాసినోనివి నువ్వే. ముంగట నువ్వే నడువు."

నడిచాను. ఫొటోలో ఉన్నది కుక్కేనని తెలుసు, అది నా వెనకాలే వస్తోంది కూడా. అయినా ఆకు కదిలినప్పుడల్లా కుక్కను కాళ్లకేసి అదుముకున్నాను (నా వార్తను అంతగా నమ్మిన పాఠకుడు నేనే). అవతలి గట్టున ప్యాంటు నిండా పసుపుతో తేలేసరికి ముఠా అంతా నవ్వుతూ కొడవళ్లు అందుకుంది.

ఇప్పుడు డెస్కులో ఆ అన్న కుర్చీలో నేనున్నాను. 'స్థానికులు చెబుతున్నారు' అని ఎవరైనా వార్త పంపితే, "ముట్టుకొని సూసినవా?" అని అడుగుతాను. కొత్త విలేకరులు నన్ను చాదస్తం అన్న అంటారు. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది, ఒక మూల పచ్చటి వేలిముద్రతో. దాన్ని చూసినప్పుడు అప్పటి నన్ను తలుచుకుని సిగ్గేస్తుంది గానీ, ఆ కొత్త విలేకరి మీద కోపం రాదు. తప్పు రాశాడు, నిజమే. కానీ దాన్ని దిద్దడానికి వణుకుతూనైనా చెరుకులోకి నడిచాడు.